పార్కు దారుల్లో వీల్‌చైర్ తిరగాలంటే అర్జీలో ఏం రాయాలి? (విశాఖ)

పెదవాల్తేరు_వాకర్

అందరికీ నమస్కారం. మా వార్డులో కార్పొరేషన్ పార్కు ఒకటి ఉంది, ఎకరానికి కాస్త తక్కువ. మెయిన్ గేటు లోపల మూడు మెట్లు, ర్యాంపు లేదు. పక్కన చిన్న గేటు ఉంది గానీ బైకులు దూరకుండా ఇనప పైపులు అడ్డంగా పాతారు. వాకింగ్ ట్రాక్ పేవర్ బ్లాకులది, నాలుగు చోట్ల చెట్ల వేళ్లు లేపేశాయి. పసుపు రంగు చుక్కల టైల్స్ కొంత దూరం వేసి మధ్యలో ఆపేశారు. టాయిలెట్‌కి మెట్టు ఉంది. కాలనీ సంఘం తరఫున అర్జీ పెట్టాలనుకుంటున్నాం. "దివ్యాంగులకు తగిన సౌకర్యాలు కల్పించగలరు" అని రాసిస్తే చాలా? ఇంకేమైనా జత చేయాలా? ఎవరికివ్వాలి?

లెవెల్‌ట్యూబ్

అంత మాత్రమే రాస్తే మెట్ల మీద కాస్త సిమెంటు పోసి, తాపీతో నున్నగా రుద్ది, ఫొటో తీసి అర్జీ ముగించే ప్రమాదం ఉంది. మెట్టు 150 మి.మీ. అనుకుంటే మూడు మెట్లు 450. రెండు మీటర్ల పొడవున పోసినా వాలు 1:4 దగ్గరుంటుంది. దాని మీద వీల్‌చైర్ ఎక్కదు, దిగేటప్పుడు మనిషి ముందుకు పడతాడు. ఉండాల్సింది 1:12. అంటే ఒక మీటరు ఎత్తుకి పన్నెండు మీటర్ల పొడవు. అదీ గరిష్ఠం, స్థలముంటే ఇంకా తగ్గించడమే మంచిది. 1:20 కంటే తక్కువ వాలుంటే అది ర్యాంపు కింద లెక్కకు రాదు, మామూలు దారే. దానికి రెయిలింగ్ కూడా తప్పనిసరి కాదు.

కాబట్టి ముందు కొలతలు. పది మీటర్ల లెవెల్ ట్యూబు (రెండు చివర్లా నీళ్లు ఒకే మట్టంలో నిలిచి, రెండు చోట్ల ఎత్తు తేడా చూపే సన్నటి గొట్టం) హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. నీళ్లు నింపాక లోపల బుడగ ఉండకూడదు, ఉంటే లెక్క తప్పుతుంది. ట్యూబు మోసుకెళ్లేటప్పుడు రెండు చివర్లూ బొటనవేలితో మూసి, కొలిచేటప్పుడు రెండూ తెరవండి. ఒకటే తెరిస్తే నీళ్లు కదలవు.

వాలు చూడటానికి 1.2 మీటర్ల అల్యూమినియం పట్టీ మీద స్పిరిట్ లెవెల్ పెట్టి, పట్టీని మట్టానికి తెచ్చి, దిగువ చివర కింద ఖాళీ ఎంతో టేపుతో చూడండి. 100 మి.మీ. ఉంటే 1:12, 60 ఉంటే 1:20. దారికి అడ్డంగా పెడితే 24 దాటకూడదు, అది 1:50. అడ్డవాలు ఎక్కువైతే వీల్‌చైర్ ఒక పక్కకే లాగేస్తుంది, ఒక చెయ్యి అరిగిపోతుంది. ఈ అడ్డవాలు ఎవరూ చూడరు. నీళ్లు పోవాలని ఇష్టమొచ్చినంత ఇచ్చేస్తారు.

ఫోన్ యాప్‌తో అయితే 4.8 డిగ్రీలు 1:12, 2.9 డిగ్రీలు 1:20. ఫోన్‌ని నేరుగా పేవర్ మీద పెట్టకండి, బ్లాకు బ్లాకుకీ మారిపోతుంది. పట్టీ మీద పెట్టండి.

ఫైలు_నంబరు

కొలతలకంటే ముందు పార్కు ఎవరిదో తేల్చుకోండి. విశాఖలో సగం అర్జీలు ఇక్కడే తిరుగుతుంటాయి. శివాజీ పార్కు, వార్డుల్లోని కాలనీ పార్కులు జీవీఎంసీవి (విశాఖ నగరపాలక సంస్థ). బీచ్ రోడ్డులోని వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) పార్కు, కైలాసగిరి, పాత జైలు స్థలంలోని సెంట్రల్ పార్కు వీఎంఆర్‌డీఏవి. జూ, కంబాలకొండ అటవీ శాఖవి. ఉక్కునగరంలోవి స్టీల్ ప్లాంటువి. కొన్ని కాలనీల్లో లేఅవుట్ ఖాళీ స్థలం కాగితం మీద కార్పొరేషన్‌ది, నిర్వహణ మాత్రం సంఘానిది. అలాంటి చోట అర్జీలో ఆ సంగతి ముందే రాయాలి. లేకపోతే "మీరే చూసుకోవాలి" అని తిరిగొస్తుంది.

మీది జీవీఎంసీ పార్కే అయితే మొక్కలు, పచ్చిక హార్టికల్చర్ వాళ్లవి, దారి, మెట్లు, గోడ, టాయిలెట్ ఇంజినీరింగ్ వాళ్లవి. ఒక్క వింగుకే రాస్తే సగం పని పక్క వింగు మీద పడుతుంది. కమిషనర్ పేరుతో రాసి, జోనల్ కమిషనర్‌కీ, వార్డు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్)కీ, హార్టికల్చర్‌కీ కాపీలు పెట్టండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నమోదు నంబరు వస్తుంది. ఆసీల్‌మెట్ట దగ్గరి ప్రధాన కార్యాలయంలోనూ తీసుకుంటారు, కలెక్టరేట్‌లోనూ తీసుకుంటారు. వార్డు సచివాలయంలో ఇచ్చినా ఫర్వాలేదు. ఎక్కడిచ్చినా నంబరు లేకుండా బయటికి రావద్దు.

మూడుచక్రాలు

అడ్డం పైపుల గురించి. మామూలు వీల్‌చైర్ వెడల్పు 650 నుంచి 700 మి.మీ. చక్రాలు తిప్పే చేతులకు రెండు పక్కలా చోటు కావాలి కాబట్టి తిన్నగా పోయే చోట 900 ఖాళీ కనీసం. మలుపు తిరగాలంటే 1500 బై 1500 చదరం. పైపులు పాతే చోట ఈ రెండూ ఉండవు. 600 ఖాళీ వదిలి, అడుగు దూరంలో ఇంకో పైపు పెడతారు. లావుపాటి మనిషే పక్కకి తిరిగి వెళ్లాలి. చంకకర్రలున్నవాళ్లు కూడా ఇరుక్కుంటారు.

చేత్తో తిప్పే మూడు చక్రాల బండి ఇంచుమించు రెండు మీటర్ల పొడవు. అది యూ మలుపు అస్సలు తిరగలేదు. స్కూటర్‌కి పక్క చక్రాలు తగిలించినదైతే మీటరు పైచిలుకు వెడల్పు. దాన్ని లోపలికి తేవాల్సిన పని లేదు, గేటు పక్కన పార్కింగ్ ఉంటే చాలు. 3.6 మీటర్లు బై 5 మీటర్ల గడి, గేటుకి 30 మీటర్ల లోపు. అర్జీలో ఇది కూడా రాయండి, దాదాపు అందరూ మర్చిపోతారు.

రైతుబజార్_పక్కన

ఇదంతా బాగానే ఉందండి. మరి పైపులు తీసేస్తే ఏటవుద్దో కూడా చూడాలి కదా. కుర్రాళ్ల బైకులు ట్రాక్ మీదకొచ్చేస్తాయి. అప్పుడు పొద్దున్న నడిచేవాళ్లే ఇంకో అర్జీ పెట్టి మళ్లీ పాతిస్తారు. ఆ పైపులు ఊరికే పుట్టలేదు.

మూడుచక్రాలు

నిజమే. బైకు హ్యాండిల్ కూడా 700–800 ఉంటుంది. వీల్‌చైర్ పట్టే సందులో బైకు పడుతుంది, ఇనుముతో రెండింటినీ విడదీయడం కుదరదు. చేయగలిగింది బైకుని నెమ్మది చేయడం. రెండు అడ్డాలను ఎదురెదురుగా కాకుండా ముందూ వెనకా పెట్టి, మధ్యలో 1500 ఖాళీ వదిలితే వీల్‌చైర్ వంకర తిరిగి వెళ్తుంది, బైకువాడు దిగి నెట్టుకోవాలి. మూడు చక్రాల బండి మాత్రం దీన్లోనూ పట్టదు. దానికి తిన్నగా పోయే దారి కావాలంటే బొల్లార్డులు (పొట్టి స్తంభాలు) 1000–1200 దూరంలో పాతి, కాపలా మనిషి, కెమెరా, జరిమానా బోర్డు మీద ఆధారపడాలి. కాపలా లేని చిన్న పార్కుకి నా ఓటు మొదటిదానికే, పక్కనే ఒక వెడల్పు గేటుతో. కానీ ఆ గేటుకి తాళం వేసి "కావాలంటే అడగండి" అంటే సౌకర్యం లేనట్టే లెక్క. గొళ్లెం 900–1000 ఎత్తులో ఉండాలి, ఒంటి చేత్తో తెరుచుకోవాలి.

రైతుబజార్ గారన్న వాకర్స్ సంగతి ముఖ్యం. అర్జీ మీద వాకర్స్ సంఘం సంతకం ముందే తీసుకోండి. పైపుల స్థానంలో ఏమొస్తుందో వాళ్లకు బొమ్మ గీసి చూపించండి.

తెల్లకర్ర

పసుపు టైల్స్ మధ్యలో ఆపేశారన్నారు. ఆగిపోయిన చోట ఏముంది? స్తంభమా, మ్యాన్‌హోలా, గోడా?

ఇవి చూపు లేనివాళ్లకు పాదంతో, కర్రతో తెలిసేలా వేసే టైల్స్. చుక్కల టైల్ అంటే ఆగు, ముందేదో ఉంది అని. నిలువు గీతల టైల్ అంటే ఇటే నడువు అని. చుక్కలవే వరసగా పరిచేస్తే అడుగడుక్కీ ఆగమన్నట్టు. చుక్కలు మెట్లకు 300 మి.మీ. ముందు, మెట్ల పూర్తి వెడల్పునా, పైనా కిందా రావాలి. గీతల టైల్ గీత నడిచే దిక్కుకే ఉండాలి. అడ్డంగా తిప్పి పరచడం చాలా చోట్ల కనిపిస్తుంది. టైల్ వరసకి రెండు పక్కలా 600 వరకూ స్తంభం, బెంచీ, చెత్తడబ్బా లేకుండా చూడాలి. మ్యాన్‌హోల్ వస్తే వరస తెగిపోకుండా చుట్టూ తిప్పాలి, లేదా మూత మీదే టైల్ అతికించాలి. రంగు సంగతి కూడా ఉంది. బూడిద రంగు పేవర్ మీద పసుపు బాగా తెలుస్తుంది, లేత గోధుమ రంగు మీద తేలిపోతుంది. కొద్దిపాటి చూపు ఉన్నవాళ్లు రంగును చూసే నడుస్తారు.

ఇంకో మాట, కొందరికి నచ్చకపోవచ్చు. ఎకరం లోపు పార్కులో ట్రాక్ అంతా పసుపు టైల్స్ అడగకండి. ట్రాక్‌కి ఒక పక్కన 75–100 మి.మీ. ఎత్తు అంచు రాయి ఎక్కడా తెగకుండా ఉంటే తెల్లకర్ర దాన్ని ఆనుకుని హాయిగా పోతుంది. ఖర్చు తక్కువ, చక్రాలకు కుదుపు లేదు, వాకర్ పట్టుకుని నడిచే పెద్దవాళ్లకు కాలు తట్టదు. టైల్స్ గేటు నుంచి ట్రాక్ మొదలు వరకూ, మెట్ల దగ్గర, టాయిలెట్ మలుపు దగ్గర అడగండి చాలు.

తలెత్తు చూడండి. కొమ్మలు 2100 కంటే కిందకి దిగకూడదు. కర్రకి తగిలేది నేల మీదిదే, మొహానికి తగిలే కొమ్మ కర్రకి తెలీదు. ఓపెన్ జిమ్ పరికరాల చేతులు ట్రాక్ మీదకి ఊగుతుంటాయి, వాటినీ కొలవండి. రెండు కాళ్ల బోర్డుల కింద కర్ర దూరిపోతుంది, నుదురు బోర్డుకి తగులుతుంది. కింద అడ్డపట్టీ ఒకటి వేయిస్తే సరిపోతుంది.

పెదవాల్తేరు_వాకర్

నలుగురం కలిసి కొలిచాం. మెయిన్ గేటు మెట్లు మొత్తం 440 మి.మీ. మెట్లు దాటాక పూలమడి వరకు 7 మీటర్లు. ఎడమ వైపు గోడ వెంట ఖాళీ 9 మీటర్లు. ట్రాక్ వెడల్పు 1500, కానీ రెండు చోట్ల ట్రీ గార్డుల వల్ల 850. పైపుల సందు 600. వేళ్లు లేపిన చోట ఎత్తు 35 నుంచి 60. టాయిలెట్ మెట్టు 170, తలుపు 700. టైల్స్ డ్రెయిన్ మూత దగ్గర ఆగాయి. మూత చువ్వల మధ్య సందు 30, చువ్వలు నడిచే దిక్కుకే ఉన్నాయి.

లెవెల్‌ట్యూబ్

440కి 1:12 అంటే 5.28 మీటర్లు. కిందా పైనా 1.5 మీటర్ల చొప్పున చదును చోటు కలిపితే 8.28. గోడ వెంట 9 మీటర్లలో తిన్నగా పడుతుంది. 1:15 కావాలంటే 6.6 మీటర్లు, చదునుతో 9.6, పట్టదు. రెండు మడతలుగా వేస్తే 3.3 చొప్పున రెండు పరుగులు, రెండు చివర్లా 1.5. పొడవు 6.3, వెడల్పు 3.2 వరకు. పూలమడి ముందు ఏడు మీటర్లలో ఒదుగుతుంది గానీ గేటు దగ్గర నిలబడే చోటంతా తినేస్తుంది.

అయితే ర్యాంపు మాట అలా ఉంచి ఒకటడుగుతా. వీధి సమతలంగా ఉందా? మన ఊళ్లో వీధులన్నీ ఎటో ఒక పక్కకి వాలుతూనే ఉంటాయి. పార్కు లోపల నేల ఒకే మట్టంలో ఉంటే, వీధి ఎగువ మూలలో గోడ బయటా లోపలా తేడా దాదాపు ఉండకపోవచ్చు. ట్యూబు అక్కడ పెట్టి చూడండి.

పెదవాల్తేరు_వాకర్

చూశాం. మెయిన్ గేటు నుంచి 28 మీటర్లు పైకి, ఈశాన్యం మూల దగ్గర తేడా 60 మి.మీ. మాత్రమే! అక్కడ గోడే ఉంది, గేటు లేదు. బయట డ్రెయిన్.

లెవెల్‌ట్యూబ్

ఇంకేం. 60 ఎత్తుకి 72 సెంటీమీటర్ల వాలు చాలు, మీటరు ఇచ్చేయండి. వీధి వాలు కూడా లెక్కేశా: 28 మీటర్లలో 380 మి.మీ., అంటే 1:70 కంటే కూడా తక్కువ వాలే. చక్రాలకు ఇబ్బంది లేదు. అక్కడ గోడ కొట్టి 1.2 మీటర్ల గేటు పెట్టడం, 5 మీటర్ల ర్యాంపుకీ రెండు పక్కల రెయిలింగ్‌కీ అయ్యే ఖర్చులో చిన్న భాగం. డ్రెయిన్ మీద స్లాబు మూత వేయాలి. చువ్వల మూతే వేస్తే సందు 12 మి.మీ. మించకూడదు, చువ్వలు నడిచే దిక్కుకి అడ్డంగా ఉండాలి. మీరు చెప్పిన 30 సందులో వీల్‌చైర్ ముందు చక్రం దిగి కూర్చుంటుంది, కర్ర కొన ఇరుక్కుంటుంది.

మూడుచక్రాలు

మూల గేటుకి ఒప్పుకుంటా గానీ షరతులున్నాయి. అది "వికలాంగుల గేటు" అయిపోకూడదు. అందరూ అదే వాడితేనే తాళం పడదు, ముందు తోపుడు బండి నిలవదు. పార్కు తెరిచి ఉన్న వేళలన్నీ తెరిచుండాలి. మెయిన్ గేటు దగ్గర బాణం గుర్తుతో బోర్డు కావాలి. ఆ మూల నుంచి ట్రాక్ దాకా మధ్యలో పచ్చిక ఉంటే 1.2 మీటర్ల గట్టి దారి వేయాలి. ఇది అర్జీలో రాయకపోతే గేటు వస్తుంది, గేటు అవతల మట్టి ఉంటుంది.

కానుగచెట్టు

వేళ్ల దగ్గరికొద్దాం. చాలామంది అడిగేది "వేళ్లు నరికి సమం చేయండి" అని. దయచేసి అలా రాయకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి చెట్లను ఏం చేసిందో అందరికీ తెలుసు. తురాయి లాంటి వాటికి వేళ్లు ఎలాగూ పైపైనే ఉంటాయి. దారి వైపు లావు వేళ్లు కోసేస్తే తర్వాతి తుపానుకి చెట్టు రెండో వైపు ఒరిగిపోతుంది.

చేయాల్సింది దారినే మార్చడం. బ్లాకులు తీసి, వేరు మీదుగా మట్టం పెంచి, రెండు పక్కలా 1:20 వాలులో దించాలి. 60 ఎత్తుకి ఒక్కో పక్క 1.2 మీటర్లు. అంటే గతుకు ఒక చిన్న మెరక అవుతుంది, చక్రం ఎక్కి దిగిపోతుంది. పక్కన చోటుంటే దారినే చెట్టుకి దూరంగా వంచడం ఇంకా మేలు. ట్రీ గార్డు దగ్గర 850 అయిన చోట కూడా అంతే. గార్డు పీకమని అడగొద్దు, ఎదురు పక్క దారిని పెంచి 1200 చేయమనండి.

లెవెల్‌ట్యూబ్

పేవర్లు కుంగడానికి వేళ్లొక్కటే కారణం కాదు. బ్లాకుల కింద 30–40 మి.మీ. ఇసుక పరుస్తారు. అంచున కర్బ్ రాయి లేకపోయినా, ఉన్న రాయి కదిలినా, వానకి ఆ ఇసుక పక్కకి కొట్టుకుపోతుంది. మొదట అంచు వరస దిగుతుంది, తర్వాత మధ్యది. మీ ట్రాక్‌లో దిగిన చోట్ల అంచు రాయి ఉందో లేదో చూడండి. బ్లాకులు తిరిగి పేర్చి అంచు కట్టకపోతే ఒకట్రెండు వానాకాలాల్లో మళ్లీ అంతే.

నన్నడిగితే ట్రాక్ 1500లో 1200 వెడల్పున కాంక్రీటు పట్టీ అడగండి. ఎం20 గ్రేడు, 100 మి.మీ. మందం, పైన చీపురు గీత ఫినిష్, గీతలు నడకకు అడ్డంగా. మిగతాది పేవర్లు ఉండనివ్వండి, నీళ్లు ఇంకుతాయి. చెట్ల దగ్గర మాత్రం కాంక్రీటు వద్దు, కానుగచెట్టు గారు చెప్పినట్టు బ్లాకులే. నున్నటి గ్రానైట్, మెరిసే పార్కింగ్ టైల్స్ ఎక్కడా ఒప్పుకోవద్దు. సముద్రం గాలి తేమకి వాన లేకపోయినా తెల్లవారుజామున జారుతుంటాయి.

దారిలో 6 మి.మీ. వరకు ఎత్తుపల్లం ఫర్వాలేదు. 12 వరకు అంచుని ఏటవాలుగా చెక్కాలి. అది దాటితే వాలు కట్టాల్సిందే.

ఫైలు_నంబరు

ఇక చట్టం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ప్రజలు వాడే భవనాల నిర్వచనంలో విరామం, వినోదం కోసం వాడేవి కూడా ఉన్నాయి. సెక్షన్ 45 ప్రకారం, నియమాలు వచ్చిన నాటి నుంచి ఐదేళ్లలో పాతవాటినీ అందుబాటులోకి తేవాలి. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి కాబట్టి ఆ గడువు తీరిపోయింది. కొలతలకు కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2021 సమన్వయ మార్గదర్శకాలు ఉన్నాయి. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, నియమం 15(1) మార్గదర్శకాలను సలహాల్లా వదిలేసిందని తప్పుబట్టి, తప్పనిసరి ప్రమాణాలు వేరుగా తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది.

మొదటి అర్జీలో ఇదంతా కుక్కకండి. సెక్షన్ 45, 2021 మార్గదర్శకాలు, ఈ రెండూ ఒక వాక్యంలో చాలు. సెక్షన్ 89 జరిమానా (మొదటిసారి 10,000 రూపాయల దాకా, తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా) మొదటి కాగితంలోనే రాస్తే ఏఈ గారు పని మానేసి సంజాయిషీ రాసుకుంటూ కూర్చుంటారు.

రైతుబజార్_పక్కన

నేను ఒప్పుకోను. మెత్తగా రాస్తే మెత్తగానే పక్కన పెడతారు. చట్టం గట్టిగా చూపించాల్సిందే.

ఫైలు_నంబరు

చూపిద్దాం, రెండో కాగితంలో. ముందు పని జరగడానికి రాయాలి. ఏఈ ఎస్టిమేట్ వేసేది కొలత చూసి, సెక్షన్ చూసి ఎవరూ వేయరు. నమూనా ఇస్తున్నా, మీ కొలతలతోనే:

"విషయం: ఫలానా వార్డు, ఫలానా వీధి పార్కులో దివ్యాంగులు, వృద్ధులు తిరిగేందుకు వీలుగా దారి మార్పులు చేయుట గురించి.

పార్కు మెయిన్ గేటు వద్ద 440 మి.మీ. ఎత్తు మెట్లు ఉన్నవి. ఈశాన్యం మూలలో వీధికి, పార్కుకు తేడా 60 మి.మీ. మాత్రమే. అక్కడ 1200 మి.మీ. ఖాళీ వచ్చేలా గేటు, డ్రెయిన్‌పై స్లాబు, 1 మీటరు పొడవు వాలు, ట్రాక్ వరకు 1200 మి.మీ. గట్టి దారి కోరుతున్నాము. చిన్న గేటు వద్ద పైపుల సందు 600 మి.మీ. ఉన్నది; జతచేసిన బొమ్మ ప్రకారం మార్చగలరు. ట్రాక్‌పై 'క' నుంచి 'ఘ' వరకు గుర్తించిన నాలుగు చోట్ల 35 నుంచి 60 మి.మీ. ఎత్తు వచ్చినది, వేళ్లు నరకకుండా 1:20 వాలుతో సరిచేయగలరు. 2016 చట్టం సెక్షన్ 45, 2021 మార్గదర్శకాల మేరకు ఈ పనులకు ఎస్టిమేట్ తయారు చేయించి, ఉమ్మడి పరిశీలనకు తేదీ తెలుపగలరు."

దీనికి చేత్తో గీసిన ప్లాను, ప్రతి చోటా టేపు కనిపించేలా ఫొటో. ఫొటో వెనక అదే అక్షరం. టాయిలెట్, బెంచీలు రెండో పేజీలో. అన్నీ ఒకే అంశంగా ఇస్తే నిధులు లేవన్న ఒక్క మాటతో మొత్తం ఆగుతుంది, విడివిడిగా ఇస్తే చిన్నవి ముందు కదులుతాయి. వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు జత చేయక్కర్లేదు. దారి అడగడానికి ఎవరి కార్డూ అవసరం లేదు.

తెల్లకర్ర

టాయిలెట్‌కి తలుపు ఖాళీ 900, బయటికి తెరుచుకోవాలి లేదా పక్కకి జరగాలి. లోపల 1500 తిరిగే చోటు, కమోడ్ ఎత్తు 450–480, పట్టుకునే కడ్డీలు. మెట్టు 170కి వాలు రెండు మీటర్ల పైనే. తలుపు ముందు చదును వదిలాకే వాలు మొదలవ్వాలి. లేకపోతే తలుపు తీసేలోపు బండి వెనక్కి జారిపోతుంది.

పెదవాల్తేరు_వాకర్

మెయిన్ గేటు దగ్గర మెట్లు ఎలాగూ ఉంటాయి కదా, వాటికి రెయిలింగ్ అడుగుతున్నాం. స్టెయిన్‌లెస్ స్టీలు అడగొచ్చా? సముద్రం కిలోమీటరు లోపే.

లెవెల్‌ట్యూబ్

304 గ్రేడు వేస్తే ఆ దూరంలో గోధుమ మచ్చలొస్తాయి, తర్వాత గుంతలు పడతాయి. 316 తట్టుకుంటుంది గానీ ధర ఎక్కువ. ఎస్టిమేట్‌లో "ఎస్‌ఎస్" అని మాత్రమే ఉంటే వచ్చేది 304, ఒక్కోసారి అంతకంటే తక్కువది. నా సలహా హాట్ డిప్ గాల్వనైజ్డ్ పైపు, 38–45 మి.మీ. వ్యాసం. వెల్డింగులన్నీ అయ్యాకే పూతకి పంపాలి. పూత తర్వాత వెల్డింగ్ చేస్తే అతుకు దగ్గర జింక్ కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. బేస్ ప్లేటు చుట్టూ నీళ్లు నిలవకుండా కాస్త మట్టం లేపాలి. రెయిలింగ్ రెండు పక్కలా, 760, 900 ఎత్తుల్లో రెండు కడ్డీలు, మెట్లు అయిపోయాక ఇంకో 300 ముందుకి. ఎండ పడే చోటైతే మే నెలలో చెయ్యి పెట్టలేరు, ప్లాస్టిక్ తొడుగు అడగండి.

రైతుబజార్_పక్కన

సరే, మరి జవాబు రాకపోతే ఏటి చేయాలి?

ఫైలు_నంబరు

ముందు సమాచార హక్కు దరఖాస్తు. 10 రూపాయల రుసుము, 30 రోజుల గడువు. "ఎందుకు చేయలేదు" అని అడగొద్దు, దానికి జవాబివ్వక్కర్లేదు. ఫలానా నంబరు అర్జీ మీద ఫైల్ నోటింగ్ (అధికారులు ఫైల్లో రాసిన మాటలు) నకలు, ట్రాక్ చివరిసారి వేసినప్పటి ఎస్టిమేట్, మెజర్‌మెంట్ బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీల నకళ్లు, ఒప్పందంలో డిఫెక్ట్ లయబిలిటీ (పనిలో లోపాలకు కాంట్రాక్టరు బాధ్యత) ఎప్పటివరకు అన్నది అడగండి. ఆ గడువు ఇంకా ఉంటే కుంగిన పేవర్లు కాంట్రాక్టరే సొంత ఖర్చుతో సరిచేయాలి, నిధుల ప్రశ్నే రాదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఉంది, అదీ ఒక వాక్యం రాయండి. జవాబు రాకపోతే ఆ గడువు ముగిశాక 30 రోజుల్లో మొదటి అప్పీలు.

అప్పటికీ కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు. దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 80 కింద విచారిస్తారు. సిఫారసు చేస్తే సంబంధిత శాఖ చర్య తీసుకుని మూడు నెలల్లో తెలపాలి, అది సెక్షన్ 81. మీరు రెండో కాగితంలో గట్టిగా రాయాలనుకున్నవన్నీ ఇక్కడ రాయండి. లాయరు అవసరమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం వస్తుంది. సుగమ్య భారత్ యాప్‌లో (ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే కేంద్రం యాప్) ఫొటోతో పెట్టడం అదనంగా చేయొచ్చు, దాని మీదే ఆధారపడకండి.

మూడుచక్రాలు

ఉమ్మడి పరిశీలన రోజు వీల్‌చైర్ వాడేవాళ్లొకరు, తెల్లకర్ర వాడేవాళ్లొకరు తప్పకుండా ఉండాలి. ఖాళీ వీల్‌చైర్ తెచ్చి నెట్టి చూపిస్తే ఎక్కేస్తుంది, మనిషి కూర్చుంటే ఎక్కదు. ఏఈ ముందే సున్నంతో నేల మీద గేటు వెడల్పు, మలుపు చదరం గీసేయండి. కాగితంలో 1500 అంటే ఎవరికీ తట్టదు.

పెదవాల్తేరు_వాకర్

పని మొదలయ్యాక మేం ఏం చూడాలి? అయిపోయాక కొలిస్తే ఆలస్యమేమో.

లెవెల్‌ట్యూబ్

ఆలస్యమే. కాంక్రీటు గట్టిపడ్డాక ఎవరూ కొట్టరు. షట్టరింగ్ పలకలు (కాంక్రీటు పోయడానికి అంచున కట్టేవి) నిలబెట్టిన రోజు వెళ్లండి. పలక పై అంచే రేపటి నేల మట్టం, పట్టీ, లెవెల్ దాని మీదే పెట్టి చూడండి. గేటు దగ్గర ట్రాక్ కలిసే చోట పలక ఎత్తుకీ పాత పేవర్ ఎత్తుకీ తేడా కొలవండి, ఎక్కువగా తప్పు జరిగేది ఆ అతుకులోనే. పాత మట్టం చూడకుండా 100 మందం పోసేస్తారు, కొత్త గేటు ముందే 40, 50 మి.మీ. మెట్టు పుడుతుంది. కింద అంత లోతు తవ్వారో లేదో ముందే చూసుకోండి. డ్రెయిన్ స్లాబు వేసే ముందు అడుగున నీళ్లు పోయే వాలు, పూడిక తీసే మూత ఉన్నాయో చూడండి. మూత లేకపోతే పూడిక కోసం స్లాబే పగలగొడతారు. పోసిన రోజే చీపురు గీత గీయాలి, మర్నాటికి కుదరదు, కాబట్టి సాయంత్రం పోయనివ్వకండి, పొద్దున్నే పోయించండి.